లాయరమ్మ కోడి

నవంబరు 3, సోమవారం

సీటు వచ్చింది.

షాపులో జిరాక్స్ మిషన్ తిరుగుతుండగా ఫోన్ మోగింది. మెసేజ్ చూశాను. మళ్ళీ చూశాను. మూడేళ్ళ లా కోర్సు, విజయనగరం, నా పేరే. ఎదురుగా ఒక పెద్దాయన ఆధార్ కార్డు కాపీలు రెండు అడిగితే పది తీసి చేతిలో పెట్టాను. "ఇన్నెందుకమ్మా" అన్నాడు. ఉంచుకోండి అన్నాను. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఈ కోర్టు సందులో ఏళ్ళ తరబడి కూర్చున్నాను. నేను టైపు చేసిన కాగితాలు రోజూ గేటు దాటి లోపలికి వెళ్తాయి, జడ్జి గారి బల్ల మీద కూర్చుంటాయి. నేను మాత్రం ఇవతలే, టీ కొట్టు పక్కన.

ముప్పై ఆరేళ్ళ ఆడదాన్ని. కాస్త కుదురుగా ఉండాలి. ఉండలేకపోతున్నాను. అన్నంలో పప్పు వేసుకోవడం మర్చిపోయి పచ్చడితోనే తినేశాను.

నవంబరు 4

కాలేజీకి ఫోన్ చేశాను. ఎవరో మేడమ్ ఎత్తింది.

"ఇదివరకు డిగ్రీ ఉందా?" — ఉంది, బీకాం. "దానికి స్కాలర్‌షిప్ తీసుకున్నారా?" — తీసుకున్నాను. "అయితే దీనికి రాదమ్మా. రెండోది కదా. మొత్తం మీరే కట్టుకోవాలి."

ఇరవై ఎనిమిది వేలు. పందొమ్మిదో తారీఖులోగా, ఒక్కసారే.

అంటే ఒకసారి చదువుకున్నందుకు జరిమానా అన్నమాట. అయినా కోపం రాలేదు. చీటీ డబ్బు బ్యాంకులో ఉంది. ఆ డబ్బుకి మనసులో నల్లకోటు అని పేరు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఫీజుకి సరిగ్గా సరిపోతుంది. బస్సు చార్జీలకి మిగలదు... పోనీ, అది తర్వాత చూసుకుందాం.

నవంబరు 5

మా ఆయన ఆటో కడుగుతుంటే చెప్పాను. మగ్గు పక్కన పెట్టి నవ్వాడు. "నా ఆటో మీద ఎవుడైనా కేసెడితే ఫ్రీగా వాదిస్తావేటి?" సగం ఫీజు అన్నాను. జ్యోతి తొమ్మిదో తరగతే, మాటలు మాత్రం ముసలమ్మవి. "నిన్ను ర్యాగింగ్ చేస్తే నాకు సెప్పమ్మా. నాను వచ్చి మాటాడతాను."

అత్తమ్మ పెరట్లో చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"ఒక సదువు సదివినావు కదే. అదేటి పనికొచ్చినాది? మళ్ళీ ఇంకోటా? ఆ డబ్బులెట్టి వంటింటికి రేకులేయిస్తే వానకి కారకుండా ఉంతాది."

రేకుల మాట నిజమే. కానీ లోపల మండింది. మొగుడు నవ్వాడు, కూతురు నవ్వింది, ఈవిడ ఒక్క మంచి మాట అంటే ఏం పోయింది?

నవంబరు 7, శుక్రవారం

షాపు మూసేసి విజయనగరం వెళ్ళి వచ్చాను. పనేమీ లేదు. ఊరికే చూద్దామని. ఎవరికైనా చెప్తే నవ్వుతారు.

నాతవలస దగ్గర బస్సు హైవే వదిలి పక్కకి తిరిగింది. అక్కడి నుంచీ కిటికీలోంచి తల తిప్పలేదు. ఇక మీదట నా దారి ఇదే కదా అని ప్రతి చెట్టూ చూసుకున్నాను.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మెన్. "ఎవరి కోసమమ్మా? పాప అడ్మిషనా, బాబుదా?"

"నాదే."

ఆ మాట అనడం ఎంత బాగుందో. ఇంకోసారి అడిగితే బాగుండును అనిపించింది. అడగలేదు, లోపలికి వెళ్ళమన్నాడు. ఖాళీ క్లాసులో చివరి బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. బెంచీ మీద ఎవరో బ్లేడుతో గుండె బొమ్మ గీసి, ఒక పేరు రాసి, కొట్టేసి, ఇంకో పేరు రాశారు. లాయర్లే అవుతారు వీళ్ళు.

నవంబరు 8

రేపు చర్చిలో కోతల పండుగ. ప్రతి ఏడూ మా ఇంటి నుంచి చేటలో బియ్యం వెళ్తాయి, లేకపోతే ఒక ఆనపకాయ. ఈసారి పొద్దున్నే లేచేసరికి అత్తమ్మ మా ఎర్ర కోడిపుంజుని పట్టుకుని కాళ్ళు కడుగుతోంది. అది గింజుకుంటోంది.

"దీన్ని ఇచ్చేస్తావా అత్తమ్మా?"

"సీటొచ్చినాది కదా. కానుకివ్వకపోతే బాగోదు."

"సదువు వద్దన్నావు కదా నువ్వు."

"సదువొద్దన్నాను. కానుకొద్దన్నానేటి?"

కోడి కాళ్ళకి కట్టే తాడు నేనే తెచ్చిచ్చాను.

నవంబరు 9, ఆదివారం

 జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆరాధన అయ్యాక కానుకలన్నీ బయట టెంటు కిందికి తెచ్చారు. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు, మేకపిల్ల ఒకటి. వేలం పాట మొదలైంది. ఎవరు ఎక్కువ పాడితే వస్తువు వాళ్ళది, డబ్బు చర్చికి. ఇక్కడ వస్తువు ధర ఎవరూ చూడరు. నిమ్మకాయని వెయ్యి రూపాయలకి పాడినవాళ్ళు ఉన్నారు. దేవుడి పేరున ఇవ్వడం, పదిమంది ముందు ఇవ్వడం — రెండూ ఉంటాయి అందులో.

మా కోడి వంతు వచ్చింది. సెక్రటరీ గారు మైకులో, "మన కరుణమ్మకి లా కాలేజీలో సీటొచ్చినందుకు రాహేలమ్మ గారి ఇంటి కానుక" అని ఆగి, "లాయరమ్మ కోడి" అన్నారు. అందరూ నవ్వారు. నేను వెనక వరసలో మొహం దాచుకున్నాను, కానీ ఎంత బాగుందో.

రెండు వందలు అని మొదలైంది. రైసు మిల్లు వరాలమ్మ పిన్ని చెయ్యెత్తి అయిదు వందలంది. అత్తమ్మ ఆరు వందలంది. తన కోడిని తను తిరిగి పాడుకోవడం మామూలే, అందరూ చేసేదే. పిన్ని వెయ్యి అంది. అత్తమ్మ పదిహేను వందలు.

ఇక అక్కడి నుంచి ఇద్దరూ ఆగలేదు. మిగతావాళ్ళు చేతులు దించేశారు. మూడు వేలు, నాలుగు వేలు. పిల్లలు కుర్చీలెక్కారు. నేను వెళ్ళి అత్తమ్మ కొంగు లాగాను. "ఊరుకోవే" అంది, నా వైపు చూడకుండా. పాస్టరు అయ్యగారు కూడా ప్లేటులో బిరియానీ తినడం ఆపి చూస్తున్నారు.

నిజం రాస్తున్నాను. ఎనిమిది వేల దగ్గర నాకు భయం వేసింది. పది వేల దగ్గర భయం పోయింది. అత్తమ్మే గెలవాలనిపించింది. ఏం పిచ్చో నాకు తెలీదు.

"పన్నెండు వేలు" అంది అత్తమ్మ.

ఒకటోసారి. రెండోసారి. మూడోసారి. చప్పట్లు.

తిరిగి వస్తుంటే ఆటోలో కోడి అత్తమ్మ ఒళ్ళో ఉంది. శ్రీకూర్మం రోడ్డు మీద గాలి.  చివరికి జ్యోతే అడిగింది. "నానమ్మా, పన్నెండు వేలు మనకెక్కడివి?"

అత్తమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

నవంబరు 10

ఎక్కడా లేవు. అదే సంగతి.

ఆటో వాయిదా ఉంది. ఈయన దగ్గర లేవు. అత్తమ్మ దగ్గర ఎలా ఉంటాయి. ఇంట్లో ఉన్న డబ్బల్లా నా చీటీ డబ్బు. అందులోంచి పన్నెండు తీస్తే పందొమ్మిదికి కాలేజీ లేదు.

పాట డబ్బు కట్టేవరకు ప్రతి ఆదివారం ప్రకటనలప్పుడు సెక్రటరీ గారు బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదువుతారు. క్రిస్మస్ దాకా గడువిస్తారు. గడువుదేముంది, పేరు చదవడమే పెద్ద శిక్ష. మొదటి ఆదివారానికే పరుగెత్తుకెళ్ళి కట్టేస్తారు అందరూ. అత్తమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. ముందు వరసలో కూర్చునే మనిషి.

"నీ డబ్బులోంచి తీసి కట్టేద్దాం" అన్నాడు ఈయన, కాస్త మెల్లగా. "లా ఎక్కడికి పోతాది? వచ్చే ఏడు సదువుదువు గాని."

నోటికొచ్చినట్టు అన్నాను. రాయను ఇక్కడ. పాపం తలొంచుకుని ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు 11

కోడిని కోయమని ఎవరికీ నోరు రావడం లేదు. పన్నెండు వేల కోడిని కూర వండుకుంటే గొంతు దిగుతుందా. అది గోడెక్కి తెల్లారకుండానే కూస్తోంది. దీనికేమీ పట్టలేదు.

నవంబరు 12

వరాలమ్మ పిన్ని వచ్చింది, అరటిపళ్ళు పట్టుకుని. గుమ్మం దగ్గరే నిలబడి నాతో మెల్లగా —

"నానాపేద్దునే. మీ అత్త ఆపితే కదా. ఆరు వేల కాడ నా గుండె దడదడలాడిపోనాది. అయినా నోరాగితేనా."

లోపలి నుంచి అత్తమ్మ గొంతు. "నువ్వాగితే నానూ ఆగుదును."

"నువ్వే ముందు ఆగాల్సింది రాహేలూ. కోడి నీదే కదా."

"నాది కాబట్టే ఆగలేదు."

తర్వాత ఇద్దరూ వసారాలో కూర్చుని టీ తాగారు. పిన్ని వెళ్తూ వెళ్తూ కోడి దగ్గర ఆగి, "ఏటి తింతాదే ఇది?" అంది. నాకు నవ్వాగలేదు. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వాను. డబ్బు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నవంబరు 14

కాలేజీకి మళ్ళీ ఫోన్. సగం ఇప్పుడు, సగం సంక్రాంతి దాటాక కట్టొచ్చా అని.

"కుదరదమ్మా. పందొమ్మిది దాటితే సీటు వెనకాలవాళ్ళకి పోతుంది."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఆ వెనకాలవాళ్ళెవరో ఇప్పుడు నాలాగే కూర్చుని నేను కట్టకూడదని కోరుకుంటూ ఉంటారు. కోరుకోనీ. నా సీటు నాది.

నవంబరు 16, ఆదివారం

చదివారు.

"రాహేలమ్మ గారు, కోడి, పన్నెండు వేలు."

ఇంకో రెండు పేర్లున్నాయి గానీ అవి గుమ్మడికాయలు, చిన్న మొత్తాలు. ఈ అంకె చదవగానే అందరి మెడలూ ఒకసారి తిరిగాయి. వెనక వరసలోంచి నాకు అత్తమ్మ వీపు మాత్రం కనిపించింది. తెల్ల చీర. కదల్లేదు. కీర్తన పాడేటప్పుడు కూడా పుస్తకం తెరవలేదు.

ఇంటికి వచ్చి పడుకుంది. అన్నం వద్దంది. నేను పిలిచాను, జ్యోతి పిలిచింది. ఈయన గుమ్మంలో నిలబడి నా మొహం చూశాడు. ఆ చూపే ఎక్కువైంది.

ఆ పేరు నాది కాకపోయినా, చదువుతుంటే చెంప మీద కొట్టినట్టుంది. నా సీటు కోసమే కదా ఆ కోడి చర్చికి వెళ్ళింది.

నవంబరు 17, సోమవారం

పొద్దున్నే నిర్ణయించుకున్నాను. అత్తమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. రేపు బ్యాంకుకి వెళ్ళి పన్నెండు వేలు తీస్తాను, చర్చికి కట్టేద్దాం, చదువు వచ్చే ఏడు చూసుకుంటాను.  

అత్తమ్మ కత్తిపీట పక్కకి తోసింది.

"నాను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కాడ్నుంచీ కోతల పండక్కి కానుక పట్టుకెల్తన్నాను. మన సేటకి ఎప్పుడైనా పాట పెరిగినాదా? సెప్పు. మిల్లోళ్ళ గుమ్మడికాయకి వేలు పాడతారు. మేస్టారింటి కొబ్బరికాయకి వందలు. మన బియ్యం కాడకొచ్చేసరికి అందరూ ప్లేట్లు సూసుకుంతారు. ఎవులో జాలిపడి పదో ఇరవయ్యో అంతారు. నలబై ఏళ్ళు... ఏ ఏడూ నాకు తల ఎత్తబుద్ధేసీది కాదు."

నాకు తెలీదు. పక్కనే ఉండి, ఇన్నేళ్ళు చూసి, నేను గమనించలేదు. చేట ఖాళీ చేసుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని, అంతే.

"మొన్న నీ పేరు సెప్పగానే వరాలమ్మ సెయ్యెత్తినాది. మిల్లోళ్ళ ఆడది, మన కోడికి. నాకు ఒళ్ళు తెలీలేదే. ఇంకా పెరగాల, ఇంకా పెరగాల అనిపించినాది. డబ్బు గుర్తొస్తే కదా."

 బయట కోడి కూసింది. అత్తమ్మ మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కుని, వంకాయ చేతిలోకి తీసుకుని అంది —

"ఆ డబ్బు తియ్యకు. నీ పీజు కట్టు. దేవుడితో నాను మాటాడుకుంతాను."

"మరి ఆదివారం పేరు సదువుతారు అత్తమ్మా."

"సదవనీ."

ఏడ్చాను. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ. "ముందు ఆ వంకాయలు నీల్లల్లో వెయ్యి, నల్లబడిపోతన్నాయి" అంది.

నవంబరు 18, మంగళవారం

కట్టేశాను. కట్టేశాను. కట్టేశాను.

అత్తమ్మ కూడా వచ్చింది. నేను రమ్మనలేదు. బస్ కాంప్లెక్సు దగ్గర ఈయన దింపితే నాకంటే ముందు తనే బస్సెక్కి కిటికీ సీటు పట్టుకుంది. దారంతా అది ఏ ఊరు, ఇది ఏ ఊరు అని అడుగుతూనే ఉంది. నాకు తెలీని ఊళ్ళకి నేనే పేర్లు పెట్టి చెప్పాను.

ఆఫీసులో క్లర్కు రసీదు రాస్తుంటే ఆయన బల్ల మీదికి వంగి అడిగింది.

"బాబూ, ఇందులో ఎన్నేళ్ళకి జడ్జీ అవుతారు?"

ఆయన కలం ఆపి నన్ను చూశాడు. "ముందు పాసవ్వాలమ్మా" అన్నాడు.

"అది అవుతాదిలే. తరవాత సంగతి సెప్పు."

గేటు బయట ఇద్దరం చెరుకు రసం తాగాం. అకౌంటులో ఇప్పుడు ఏమీ లేదు. ఇంత తేలిగ్గా ఎప్పుడూ నడవలేదు నేను. రోడ్డు దాటేటప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు, బస్సు దాకా.

నవంబరు 20

మొదటి క్లాసు. పొద్దున్న బస్సు తప్పిపోతుందేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

క్లాసులో అందరూ ఇరవైల్లో పిల్లలు. ఒక రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు ఉన్నారు, దేవుడి దయ. పిల్లలు నన్ను అక్కా అంటున్నారు, ఆయన్ని సార్ అంటున్నారు. లెక్చరర్ లోపలికి రాగానే ఆయన్ని చూసి నమస్కారం పెట్టారు, పెద్దవాళ్ళెవరో తనిఖీకి వచ్చారనుకున్నారట. పోస్ట్‌మాస్టరు గారు బెంచీలోంచి లేచి, "నేను స్టూడెంట్‌నండి" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

నేను టైపు కొట్టి కొట్టి వేళ్ళకి వచ్చేసిన మాటలు — వాది, ప్రతివాది, స్టే — అవే మాటలు ఇవాళ ఎదురుగా ఒకాయన నిలబడి విడదీసి చెప్తుంటే ఒళ్ళు పులకరించింది. నోట్సు రాయడం ఆపి విన్నాను. తర్వాత పక్క అమ్మాయి దగ్గర చూసి రాసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా షాపు తీశాను. ఆలస్యమైందని ఇద్దరు వెళ్ళిపోయారట. టీ కొట్టతను చెప్పాడు. "ఏటి లాయరమ్మా" అన్నాడు కూడా. కోడి కథ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

నవంబరు 22, శనివారం

రేపు ఆదివారం.

అత్తమ్మ తెల్ల చీరకి గంజి పెట్టి ఆరేసింది. మామూలు కంటే చిక్కగా. ఇప్పుడు ఆ చీర అట్టలా నిలబడుతుంది.  రేపు జ్వరమని చెప్పి ఉండిపోదామా అని కూడా అనుకున్నాను. సిగ్గేసింది.

నవంబరు 23, ఆదివారం

వెళ్ళాను. మామూలుగానే వెనక వరస.

గుమ్మడికాయలవాళ్ళు కట్టేసినట్టున్నారు. సెక్రటరీ గారు కాగితం విప్పి, ఈసారి కాస్త గొంతు తగ్గించే చదివారు. మంచాయనే. "రాహేలమ్మ గారు, కోడి, పన్నెండు వేలు." ఒక్క పేరే.

అత్తమ్మ లేచి నిలబడింది.

పేర్లు చదివేటప్పుడు ఎవరూ లేవరు. తలొంచుకుంటారు. అదే పద్ధతి. 

"ఉన్నాను బాబూ" అంది. గట్టిగా, ఆఖరి వరసకి వినబడేలా. "బాకీ ఉన్నాను. ముందు కోడలి పీజు కట్టినాం. ఇజీనారంలో లా సదువుతన్నాది. దేవుడికి సెప్పుకున్నాను. ఆయనకి తొందర లేదంట. నువ్వు కూడా కాసింతాగు."

చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

అయ్యగారు దగ్గారు. మిల్లువాళ్ళ వరసలో వరాలమ్మ పిన్ని భుజాలు ఊగిపోతున్నాయి, నవ్వో ఏడుపో వెనక నుంచి తెలీలేదు. సెక్రటరీ గారు కాగితం మడిచి, తెరిచి, మళ్ళీ మడిచి, "కీర్తన పాడుకుందాం" అన్నారు. అత్తమ్మ పుస్తకం తెరిచింది. అందరికంటే ఆవిడ గొంతే పైకి వినబడింది, శ్రుతి లేకుండా. నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

డబ్బు మాత్రం ఇంకా లేదు. ఈయన చలికాలం శ్రీకూర్మం గుడికి యాత్రికులు పెరిగితే చూద్దాం అంటున్నాడు. నేను షాపు సాయంత్రాలు ఇంకాసేపు ఉంచుదాం అనుకుంటున్నాను. అన్నీ లెక్కేసినా క్రిస్మస్‌కి అందేలా లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ చదువుతారు.

ఆటో దిగుతుంటే అత్తమ్మ అంది. "వచ్చే వారం వెనకాల కూకోకు. నా పక్కన కూకో."

సరే అన్నాను.